మూడక్షరాల తోక

కర్ణాటక అంచున ఉన్న బాగేపల్లిలో తాలూకా కచేరీ వీధికి రెండు వైపులా కలిపి నాలుగు ఆన్‌లైన్ సెంటర్లున్నాయి. నాలుగింటిలోనూ పొద్దున పదింటికల్లా జనం మూగేది ఆదినారాయణప్ప సెంటర్ ముందు. అది తన గొప్ప కాదని ఆదినారాయణప్పకు కూడా తెలుసు. జనం వచ్చేది కిటికీ పక్కన కూర్చునే రామాంజినప్ప కోసం.

రామాంజినప్పకు అరవై ఆరేళ్లు. ముప్పై ఏళ్లు ఇదే వీధిలో తార్పాలిన్ కింద టైపు మిషన్ పెట్టుకుని కన్నడంలో అర్జీలు కొట్టాడు. టైపు మిషన్ల కాలం పోయాక ఆదినారాయణప్ప పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. మిషన్ మారింది కానీ మనిషి మారలేదు. పది వేళ్లతో, కీబోర్డు వైపు చూడకుండా కొడతాడు. వరుస అయిపోగానే ఎడమచెయ్యి జానెడు పైకి లేస్తుంది, అక్కడ తోయడానికి లివరు లేదని గుర్తొచ్చి మళ్లీ కిందికి దిగుతుంది. కాగితం బయటికి వచ్చాక మూడుసార్లు చదువుతాడు. తర్వాత నాలుగంచులూ బల్లకు తట్టి, రెండు చేతులతో అందిస్తాడు. ఆయన కొట్టిన అర్జీని ఏ కచేరీలోనూ వెనక్కి పంపరని గూళూరు హోబ్లీలోని పల్లెలన్నిటికీ నమ్మకం. ఆ నమ్మకం ఆయనకూ కొంచెం ఎక్కువగానే ఉంది.

రెండో కంప్యూటర్ ప్రతిమది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. బీకాం చదివి రెండేళ్ల కింద పనిలో చేరింది. ఫోటోలు, స్కానింగు, పీడీఎఫ్‌లు, అప్‌లోడ్లు ఆమె చూసుకుంటుంది. కన్నడం టైపింగు మాత్రం రామాంజినప్ప దగ్గరే రెండు నెలలు నేర్చుకుంది. "అప్పా" అని పిలుస్తుంది, ఆయన టీ చల్లారిపోతుంటే గుర్తు చేస్తుంది.

ఆ సోమవారం పదకొండు గంటలప్పుడు గూళూరు దగ్గరి పల్లె నుంచి అంబిక వచ్చింది. ముప్పై దాటిన ఆడమనిషి. ఎండలో నడిచి వచ్చినందుకు ముఖమంతా కందిపోయి ఉంది. చింతామణిలోని ఒక రైతుల సంఘం కొత్తగా విత్తనాల పరీక్ష కేంద్రం పెడుతూ సహాయకులను తీసుకుంటోందని తెలిసి, ముందు నెలలో ఇక్కడే కాగితాలు ఇచ్చిపోయి అర్జీ పెట్టించుకుంది. పీయూసీ చదివి పన్నెండేళ్లు పొలంలో వంగిన మనిషికి అలాంటి పని మళ్లీ మళ్లీ రాదు. ఫోన్ తీసి ఆదినారాయణప్ప ముందు పెట్టింది.

"చూడప్పా ఇది. మా ఊర్నించి ముగ్గురం పెట్టింటిమి. వాళ్లిద్దరి పేర్లు సందర్శనకు, అదే ఇంటర్వ్యూకు, వచ్చినాయి. నాది మాత్రం ఇట్లా వచ్చిండాది."

జాబితాలో ఆమె పేరుకు ఎదురుగా కన్నడంలో రాసి ఉంది: పత్రం తెరుచుకోలేదు, అర్జీ తిరస్కృత.

"ఆక్షేపణలుంటే శుక్రవారం పదకొండింటికి చింతామణికి రమ్మన్నారు," అంది అంబిక. "నేను పోయి ఏమని చెప్పేదప్పా? మీరేం పంపినారో నాకేం తెలుసు?"

ఆదినారాయణప్ప కుర్చీ ఇటు తిప్పాడు. "ప్రతిమా, ఆన్‌లైన్ పని చూసేది నువ్వే గదా. ఏం పంపినావు నువ్వు?"

ప్రతిమ అంబిక ఫైలు వెతికింది. రెండుసార్లు నొక్కి చూసింది. దాని కింద ఉన్న తేదీ, టైము చూసింది. చూసి మూసేసింది.

"ఇది నేను చేయలేదప్పా."

"నువ్వు చేయకుంటే ఇంకెవురు చేస్తారు? నేనా? నాకు ఆ మిషన్ ఆన్ చేసేదే సరిగా రాదు."

అంబికకు కోపం పొంగుకొచ్చింది. "చేసినదాన్ని చేసినానని చెప్పేదానికి కూడా నోరు రాలేదా నీకు? నా బతుకుతో ఆటలాడతాండావా?" అని నలుగురిలోనూ అరిచింది.

కిటికీ పక్క నుంచి రామాంజినప్ప కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు. పెద్దవాడిగా ఒక మాట చెప్పడం తన బాధ్యత అనుకున్నాడు.

"పంపేముందర ఒక్కసారి తెరిచి చూసుకోవాల గదమ్మా," అన్నాడు మెత్తగా. "మేము కాగితం చేతికిచ్చేముందర మూడుసార్లు చదువుతాం. మిషన్ మీద భారం వేసి కూర్చుంటే యాడవుతాది?"

ప్రతిమ తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏముందో ఆయనకు అర్థం కాలేదు. ఆమె కంప్యూటర్ నుంచి తన సొంత మౌస్ పీకి, వైరు చుట్టి సంచిలో వేసుకుంది. టిఫిన్ డబ్బా తీసుకుంది. "పోయొస్తానప్పా" అని ఎవరితోనూ అనకుండా మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం లోపల ఆదినారాయణప్ప తన సెంటర్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. మూడువందల మందికి పైగా ఉన్న గ్రూపు అది. గూళూరు, పేరేసంద్ర వైపు ఊళ్లవాళ్లూ, వీధిలోని మిగతా మూడు సెంటర్ల వాళ్లూ అందులో ఉన్నారు. 'ప్రతిమ అనే అమ్మాయి తప్పు వల్ల ఒక అర్జీ పాడైంది. ఆమెను పనిలోంచి తీసేసినాము. ఇక మీదట అన్ని పనులూ మా రామాంజినప్పగారు స్వయంగా చూస్తారు.'

రామాంజినప్ప అది చదివాడు. ఆ పిల్ల పేరు పెట్టకుండా ఉంటే బాగుండేదనిపించింది. తన పేరు పక్కన 'గారు' చూసి మాత్రం కాస్త సంతోషపడ్డాడు.

మంగళవారం పేరేసంద్ర నుంచి మునికృష్ణప్ప వచ్చాడు. పూలతోటలవాడు. ఊరి పిల్లలు హైవే దాటి బడికి పోవడానికి ఒక దారి కావాలని మనవి రాయించుకోవాలి. రామాంజినప్ప చెప్పించుకుని, తన పద్ధతిలో రెండు పేజీలు కొట్టాడు. వరుస వరుసకూ ఎడమచెయ్యి లేచింది, దిగింది.

"పీడీఎఫ్ చేసియ్యండప్పా. పంచాయతీ మెంబర్ల ఫోన్లకు పంపాల," అన్నాడు మునికృష్ణప్ప.

స్కానర్ పాడై నెలన్నరైంది. అది బాగున్నప్పుడు రామాంజినప్ప ప్రింటు తీసి స్కాన్ పెట్టేవాడు, అది దానంతట అదే పీడీఎఫ్ అయి వచ్చేది. లేకపోతే ప్రతిమ చేసిచ్చేది. ఆమె లేని పూటల్లో మాత్రం ఆయనకు తానుగా కనిపెట్టిన ఒక ఉపాయం ఉంది.

ఆ ఉపాయానికి మూలం కూడా ప్రతిమే. ఆమె చేరిన కొత్తలో ఎవరో బిల్లు అని చెప్పి ఒక ఫైలు పంపారు. పేరు చివర పీడీఎఫ్ అని ఉంది. నొక్కితే కంప్యూటర్ రెండు రోజులు పడకేసింది. "పేరు చివర చుక్క పెట్టి ఒక తోక ఉంటాదప్పా," అని ప్రతిమ అప్పుడు వివరించింది. "ఆ తోకను బట్టే మిషన్‌కు ఇది ఏ రకం ఫైలో, దేంతో తెరవాలో తెలుస్తాది. మామూలుగా విండోస్ ఆ తోకను మనకు చూపించదు, దాచేస్తాది. వాడు దొంగ తోక ఒకటి పైకి పెట్టి, అసలుది వెనకాల దాచినాడు." అని రెండు కంప్యూటర్లలోనూ తోకలన్నీ కనిపించేటట్టు చేసింది.

రామాంజినప్పకు ఆ రోజు కంప్యూటర్ మొత్తం అర్థమైపోయినట్టయింది. కచేరీలో ఫైలు కట్ట మీద చీటీ ఉంటుంది. చీటీ మీద రెవెన్యూ అని రాస్తే రెవెన్యూ సెక్షన్‌కు పోతుంది, సర్వే అని రాస్తే సర్వేకి పోతుంది. ముప్పై ఏళ్లు చూసిన సంగతే. ఈ తోక కూడా ఆ చీటీ లాంటిదే అనుకున్నాడు. టైపు చేసిన దాని తోక డాక్స్ అని ఉంటుంది. అది చెరిపి పీడీఎఫ్ అని రాస్తే సరిపోతుంది.

ఇప్పుడూ అదే చేశాడు. పేరు మార్చడానికి మీట నొక్కితే కంప్యూటర్ తోకను వదిలేసి పేరును మాత్రమే నీలంగా చూపిస్తుంది. ఆయన ఓపికగా బాణం గుర్తు నొక్కుకుంటూ చివరికి పోయి, డాక్స్ అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ ఒక్కొక్కటే చెరిపి, పీడీఎఫ్ అని మూడక్షరాలు కొట్టాడు. కంప్యూటర్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. అది రోజుకు యాభైసార్లు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. అవునని నొక్కాడు. నీలం బొమ్మ ఎర్రబొమ్మ అయింది. ఆ ఎర్రబొమ్మ చూస్తే ఆయనకు ప్రతిసారీ ఒక చిన్న గెలుపు.

ఫోన్‌కు పంపాడు. మునికృష్ణప్ప అక్కడే నిలబడి నొక్కాడు.

"తెరుచుకోలేదప్పా."

"నీ ఫోను పాతది అయిండాది మునికృష్ణప్పా."

"పాతదేం గాదు. ఇదో, నిన్న బ్యాంకువాళ్లు పంపింది చూడండి. బాగానే తెరుచుకుంటాది." మళ్లీ దీన్ని నొక్కాడు. ఫైలు పాడైంది అని వచ్చింది.

రామాంజినప్ప తన కంప్యూటర్‌లోనే ఆ ఎర్రబొమ్మను రెండుసార్లు నొక్కాడు. ఇంతవరకూ ఎప్పుడూ నొక్కి చూడలేదు. టైపు చేసేటప్పుడు మూడుసార్లు చదివిందాన్ని మళ్లీ తెరవడం దేనికి? తెర మీద తెల్లటి కిటికీ ఒకటి వచ్చి, ఈ ఫైలును తెరవలేనని చెప్పింది.

మునికృష్ణప్పకు కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చి, అంచులు తట్టడం కూడా మరిచిపోయి పంపించేశాడు. తర్వాత ముందు నెల ఫైళ్లు తీశాడు. అంబిక పేరు దొరికింది. ఎర్రబొమ్మ. నొక్కితే అదే తెల్ల కిటికీ. తోక చెరిపి, మళ్లీ డాక్స్ అని కొట్టాడు. బొమ్మ నీలమైంది. నొక్కితే తెరుచుకుంది.

అంతా ఉంది లోపల. ఆయన కొట్టిన అర్జీ, ఎడమపక్క ఆయన వదిలే వెడల్పాటి ఖాళీ, కింద అతికించిన మార్కుల కార్డు, అంబిక సంతకం. చేసిన తేదీ పన్నెండు. టైము మధ్యాహ్నం మూడూ పది. ఆ రోజు ప్రతిమ వాళ్లమ్మ యశోదమ్మను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. సగంపూట సెలవు. ఆ పూట అప్‌లోడు కూడా తనే చేశాడు, ఇన్ని అర్జీల మధ్య సోమవారం అది గుర్తే రాలేదు. సంఘంవాళ్ల వెబ్‌సైట్ కూడా తోకను చూసి పీడీఎఫే అనుకుని లోపలికి రానిచ్చింది. తెరిచి చూసింది చింతామణిలో మనుషులు.

'తెరిచి చూసుకోవాల గదమ్మా' అని తానే అన్న మాట గుర్తొచ్చింది. సోమవారం ప్రతిమ తన వైపు ఎందుకలా చూసిందో ఇప్పుడు తెలిసినట్టే అనిపించింది, అంతలోనే కాదేమో, ఆ పిల్లకెలా తెలుస్తుందిలే అని తనకు తాను సర్ది చెప్పుకున్నాడు.

బుధవారం జనం ఇంకా రాకముందే ఆదినారాయణప్పకు చెప్పాడు. కూర్చుని చెప్పలేక నిలబడి చెప్పాడు. ఆదినారాయణప్ప అంతా విని, వీధి వైపు ఒకసారి చూసి వచ్చాడు.

"ఇంకెవురికన్నా చెప్పినారా?"

"లేదు."

"అట్లయితే చెప్పొద్దండి."

"ఆ పిల్ల..."

"ఆ పిల్ల చిన్నది. యాడన్నా దొరుకుతాది పని. మీ పేరు అట్లా గాదప్పా. ఈ సెంటర్‌కు బోర్డు నాది, పేరు మీది. రామాంజినప్ప కొట్టింది తప్పు అని ఒక్కమాట బయటికి పోతే రేపు ఎదురు సెంటర్‌కు పోతారు అందురూ. అయిందేమో అయిపోయిండాది. మీరు కూర్చోండి, టీ తెప్పిస్తాను."

ఆయన కూర్చున్నాడు. టీ తాగాడు. తప్పు చెప్పుకోవాల్సిన బాధ్యత తీరిపోయినట్టు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయికి ఆయనకు సిగ్గేసింది. అయినా లేచి ఎక్కడికీ పోలేదు. ఆ రోజు కొట్టిన నాలుగు అర్జీల్లో మూడు తప్పులు పడ్డాయి. ఎప్పుడూ పడనివి.

మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తుంటే రోడ్డు అవతలి సెంటర్ మెట్ల మీద ప్రతిమ కనిపించింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సర్టిఫికెట్లు. ఆ సెంటర్ కిశోర్‌ది. కిశోర్ ఆమె చెప్పింది విన్నాడు, జేబులోంచి ఫోన్ తీసి ఆమెకు ఏదో చూపించాడు. ఏం చూపించాడో రామాంజినప్పకు ఇక్కడి నుంచే తెలుసు. ప్రతిమ దాన్ని చదివి, ఫోన్ తిరిగి ఇచ్చేసి, కవరు చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. పక్క సెంటర్ ముందు ఒక్కక్షణం నిలబడింది. లోపలికి పోకుండా ముందుకు నడిచిపోయింది.

రామాంజినప్ప ఎడమచెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

గురువారం పొద్దున ఆయన సెంటర్‌కు పోకుండా బస్టాండు వెనక సందులోకి పోయాడు. ప్రతిమ గడప దగ్గర కూర్చుని చేటలో రాగులు చెరుగుతోంది. ఆయన్ను చూసి లేచి, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. తను మళ్లీ చేట ముందు కూర్చుంది. లోపల నుంచి యశోదమ్మ "ఎవురే?" అని అడిగింది. "రామాంజినప్ప వచ్చిండారమ్మా," అని ప్రతిమ చెప్పింది. యశోదమ్మ బయటికి రాలేదు.

"నీకొక మాట చెప్పాలమ్మా."

"తెలుసప్పా."

"ఏం తెలుసు?"

"ఆ ఫైలు మీరు చేసిండేదని. సోమవారమే చూస్తిని. పన్నెండో తేదీ మధ్యాన్నం మూడింటికి నేను మాయమ్మతో ఆసుపత్రిలో ఉంటిని." చేట ఒకసారి ఎగరేసింది. పొట్టు గడప బయట పడింది. "ఎర్రబొమ్మ ఉండాది, తెరుచుకోలేదు. తోక మార్చింటారనుకుంటిని."

రామాంజినప్పకు ఒక ఆశ పుట్టింది. ఆ పరిస్థితిలో అలాంటి ఆశ పుట్టకూడదు, కానీ పుట్టింది. ఈ పిల్ల తన మీద గౌరవంతో, చదువు చెప్పినవాడని నోరు మూసుకుందేమో.

"తెలిసీ ఏల చెప్పలేదమ్మా?"

ప్రతిమ చేతిని ఆపింది.

"చెప్తే నమ్ముతారా అప్పా? మీరు నలభై ఏండ్లుగా కొడతాండారు. నేను వచ్చి రెండేండ్లు. నేను చేయలేదంటినా లేదా? ఒక్కరన్నా మళ్లీ అడిగిరా? మీరే గదా తెరిచి చూసుకోవాలని నాకు బుద్ధి చెప్తిరి."

ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆయన తలొంచుకుని కూర్చున్నాడు. గౌరవం కాదు. చెప్పినా లాభం లేదని ఊరుకుంది. తన పేరు ఇంత పెద్దదైంది, దాని ముందు ఆ పిల్ల చెప్పే నిజం కూడా చెల్లలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని అడిగాడు.

"రేపు చింతామణికి పోతానమ్మా. ఏం చేయాల చెప్పు. ఆ ఫైలు పాడైపోయిందా?"

"పాడయ్యేదేం లేదప్పా. పేరు మారితే లోపలున్నది మారదు. అది మొదట్నించీ వర్డ్ ఫైలే. మీరు పీడీఎఫ్ అన్నారని పీడీఎఫ్ తెరిచేవాడి కాడికి పోయింది, వాడికి చదివేదానికి రాలేదు. తోక సరిజేస్తే అట్లే తెరుచుకుంటాది."

లోపలికి పోయి చిన్న చీటీ మీద ఏదో రాసి తెచ్చింది. "వాళ్ల కంప్యూటర్‌లో తోక కనిపించకపోతే ఇది చూడండి."

"నువ్వూ రారాదా అమ్మా? నీకైతే ఒక్క నిమిషం."

"నేను రాను. నేనొస్తే నేను చేసిన తప్పును నేనే సరిజేసినట్లయితాది." చేట ఒళ్లోకి లాక్కుంది. "ఒకటి అడగాలప్పా. ఆడ ఏమన్నా రాసిస్తే ప్రతిమ చేయలేదని కూడా రాయండి. నోటితో చెప్పేది నాకు వద్దు. మీరు రాసింది అందురూ నమ్ముతారు."

ఆయన ఫోన్ చేసి రమ్మన్న అంబిక శుక్రవారం చేళూరు మీదుగా చింతామణి పోయే బస్సులో ఆయన పక్క సీట్లో కూర్చుంది. బస్సు ఊరు దాటకముందే ఆయన చెప్పేశాడు. ఆమె చేళూరు వచ్చేవరకూ కిటికీ వైపే ముఖం పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా వట్టిపోయిన చేన్లు, అక్కడక్కడా బోరు నీళ్లు పారే ఒక ఆకుపచ్చ మడి. చేళూరులో బస్సు ఆగాక ఇటు తిరిగింది.

"ముందే చెప్పింటే నేను ఆ పిల్లను అట్లా తిట్టింటానా అప్పా?"

సంఘం ఆఫీసులో దేవరాజ్ అనే అధికారి, ఆయన పక్కన కంప్యూటర్ ముందు మంజునాథ అనే ఆపరేటర్ ఉన్నారు. మాటలన్నీ కన్నడంలోనే జరిగాయి. మంజునాథ అంబిక ఫైలు నొక్కి చూపించాడు. అదే తెల్ల కిటికీ.

"చూశారుగా. పాడైపోయింది. మేమేం చేయగలం?" అన్నాడు దేవరాజ్. మనిషి కఠినుడు కాదు, ఆ పొద్దుకే ఎనిమిది ఆక్షేపణలు విని అలిసిపోయాడంతే.

"పాడు కాలేదు సార్. పేరు తప్పు. ఒక్క నిమిషం నన్ను కూర్చోనిస్తారా?"

మంజునాథ నవ్వుకుంటూ లేచాడు. రామాంజినప్ప కూర్చుని కళ్లద్దాలు సర్దుకున్నాడు. పేరు చివర చూశాడు. తోక లేదు. అంబిక పేరుంది, గూళూరు అని ఉంది, అంతటితో ఆగిపోయింది. చివరన డాక్స్ అని చేర్చాడు. బొమ్మ ఎర్రగానే ఉంది. నొక్కాడు. తెరుచుకోలేదు. వెనకాల నిలబడ్డ అంబిక ఒకడుగు ముందుకొచ్చింది.

"అయిందా సార్?" అన్నాడు మంజునాథ.

రామాంజినప్ప జేబులోంచి చీటీ తీశాడు. ప్రతిమ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. 'పైన వ్యూ అని ఉంటుంది. నొక్కండి. ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అని ఒక చిన్న గడి. దాంట్లో టిక్ పెట్టండి.' వేలితో వెతుక్కుంటూ పోయి గడి కనుక్కున్నాడు. టిక్ పెట్టాడు.

తెర మీద ఉన్న ప్రతి ఫైలుకూ ఒక్కసారిగా తోక మొలిచింది. అంబిక పేరు వెనకాల తను ఇప్పుడు చేర్చిన డాక్స్, దాని వెనకాల అంతవరకూ దాక్కున్న పీడీఎఫ్. తను ముందు నెల స్వహస్తాలతో కొట్టిన మూడక్షరాలు.

వాటిని చెరిపాడు. కంప్యూటర్ ఇంగ్లీషులో అడిగింది. ఈసారి ఆయన నొక్కలేదు. కూడబలుక్కుంటూ ఒక్కో మాట చదివాడు. ఫైలు పేరు తోక మారిస్తే ఫైలు పనికి రాకుండా పోవచ్చు, నిజంగా మార్చమంటావా అని అడుగుతోంది. ముందు నెలలో కూడా ఇదే అడిగింది. ప్రతిసారీ అడిగింది. ప్రతి కాగితాన్నీ మూడుసార్లు చదివే మనిషి దాన్ని ఒక్కసారీ చదవలేదు.

అవునని నొక్కాడు. బొమ్మ నీలమైంది. రెండుసార్లు నొక్కితే అర్జీ తెరుచుకుంది.

దేవరాజ్ ముందుకు వంగి మొదటి నుంచి చివరి వరకు చూశాడు. మార్కుల కార్డు పెద్దది చేసి చూశాడు. "అంతా సరిగానే ఉంది. గడువులోపలే వచ్చింది," అన్నాడు మంజునాథతో. "ఈమె పేరు సందర్శన జాబితాలో చేర్చు."

అంబిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి బయటికి పోయింది.

మంజునాథ ఒక అచ్చుకాగితం తీసి నింపాడు. కారణం అన్న చోట నాలుగు గడులున్నాయి. 'తాంత్రిక దోషం', అంటే సాంకేతిక లోపం, అన్న గడిలో తనే టిక్ కొట్టి కాగితం ఇటు తిప్పాడు. "సంతకం పెట్టండి సార్. పని అయిపోయింది."

తాంత్రిక దోషం. మంచి మాట. అందులో మనిషి లేడు. రామాంజినప్ప పెన్ను తీసుకుని ఆ టిక్ వైపు చూస్తూ కూర్చున్నాడు. అంబిక పని అయింది. ఇక్కడ సంతకం పెడితే ఎవరూ ఏమీ అడగరు. బాగేపల్లిలో ఆదినారాయణప్ప ఎలాగూ అడగడు. ఎదురు సెంటర్ మెట్లు దిగిన పిల్ల మాత్రం ఆ మెట్ల మీదే ఉండిపోతుంది.

ఆయన ఆ టిక్‌ను అడ్డగీతతో కొట్టేసి, కింద ఖాళీ జాగాలో చేతితో రాయడం మొదలుపెట్టాడు. ఎన్నో ఏళ్లుగా సంతకం తప్ప చేత్తో ఏమీ రాయలేదు. అక్షరాలు వంకరగా వచ్చాయి. 'ఈ ఫైలును తప్పుగా తయారు చేసినవాణ్ని నేను. తెలియక ఫైలు పేరు మార్చి, పీడీఎఫ్ అయిందనుకుని, తెరిచి చూడకుండా పంపాను. నాతో పని చేసే ప్రతిమ ఈ పని చేయలేదు. ఆ రోజు ఆమె సెంటర్‌లో లేదు. ఆమె మీద పడిన నింద నాది.'

దేవరాజ్ చదివి, "ఇదంతా మాకు అవసరం లేదండీ," అన్నాడు.

"నాకు అవసరం సార్. సీలు వేసి ఒక నకలు ఇప్పించండి."

బాగేపల్లిలో దిగేసరికి నాలుగు దాటింది. ఆదినారాయణప్ప బ్యాంకుకు పోయి ఉన్నాడు. బాగయి వచ్చిన స్కానర్ రెండో బల్ల మీద ఉంది, ప్రతిమ కుర్చీ ముందు. రామాంజినప్ప కాగితాన్ని నాలుగంచులూ తట్టి, అద్దం మీద బోర్లా పెట్టాడు. సేవ్ చేసేటప్పుడు కింద రకం అన్న చోట వరుసగా ఉన్నవాటిలో పీడీఎఫ్ ఎంచుకున్నాడు. పేరు అడిగింది. 'ప్రతిమ చేయలేదు' అని పెట్టాడు. తర్వాత తెరిచాడు. తెరుచుకుంది. మూడుసార్లు చదివి, సెంటర్ గ్రూపులోకి పంపాడు.

అయిదు నిమిషాల్లో ఆదినారాయణప్ప పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఏం పని చేస్తిరప్పా! తీసేయండి, తీసేయండి. ఇంకా ఎక్కువమంది చూసిండరు."

"చూడనీ."

"మీ పేరేం గావాల?"

"నా పేరు కింద ఆ పిల్ల నలిగిపోతాంది ఆదినారాయణప్పా. రేపట్నించి నన్ను పెట్టుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం. అది మాత్రం తీయను."

ఆదినారాయణప్ప కుర్చీలో కూలబడి ఫోన్ చూస్తూ ఉండిపోయాడు. రోడ్డు అవతల కిశోర్ మెట్ల మీదికి వచ్చి, చేతిలో ఫోన్ పట్టుకుని ఇటు చూశాడు. మునికృష్ణప్ప గ్రూపులో రాశాడు: 'నాదీ అట్లే అయింది, కానీ మనిషి మంచోడు.' గూళూరాయన ఎవరో, 'ఇన్నాళ్లు మావి ఎన్ని పాడైనాయో' అని రాశాడు. అదీ న్యాయమే. రామాంజినప్ప రెండూ చదివాడు.

ఆ గ్రూపులోంచి ప్రతిమను తీసేయాలని ఆదినారాయణప్పకు ఆ వారమంతా తోచలేదు. ఆమె అక్కడేమీ రాయలేదు. అయిదున్నరకు రామాంజినప్ప కంప్యూటర్ మూసి లేవబోతుంటే ఆయన సొంత నంబరుకు ఒక మెసేజ్ వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

'ఓపెన్ అయిందప్పా. అంతా చదివినాను.'

ఆయన మళ్లీ కూర్చుని దాన్ని ఇంకో రెండుసార్లు చదివాడు.